ఆకు ఈనెల్లో జలాంతర్గామి

నౌకాదళంలో మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ ఒకణ్ణి వాడి బాత్రూంలోనే కాల్చి చంపారు. వాడు దొంగతనంగా గీసిచ్చిన మ్యాప్ మాత్రం అప్పటికే ఊరు దాటిపోయింది.

"ఎక్కడికి సార్?" ఏజెంట్ దర్సోనో అడిగాడు.

"బోగోర్. ఒక బోటనీ పత్రిక ఆఫీసుకి," అన్నాడు చీఫ్ హుతగావోల్. "ఆ మ్యాప్‌లో ఉన్నది మన జలాంతర్గామి రేవులోకొచ్చే రహస్య మార్గం. శత్రువుకి అందిందంటే దారంతా మైన్లు పరుస్తాడు. మీ తమ్ముడు అందులోనేగా ఉన్నాడు?"

"అవును సార్." తెలిసే అడుగుతున్నాడు ముసలాడు.

"ఎడిటర్ పేరు మెయిస్కే. సగం మన మనిషే."

"మిగతా సగం?"

"ఎవడెక్కువిస్తే వాడిది. మ్యాప్‌ని ఏదో వ్యాసం ఫైల్లో దాచి శత్రువుకి పంపబోతోంది. అరెస్టు చేస్తే వాళ్లు ఇంకో దారి వెతుక్కుంటారు. కాబట్టి ఫైలు వెళ్లాలి, మ్యాప్ వెళ్లకూడదు. ఆ తర్వాత ఆవిడ ఏమైపోయినా మనకనవసరం."

డిపార్ట్‌మెంటు వాళ్లు కెమెరా ఉన్న సిగరెట్ లైటరొకటి ఇచ్చారు. దాంతో ఇంతవరకూ ఫొటో వచ్చిందీ లేదు, సిగరెట్ వెలిగిందీ లేదు. దర్సోనో దాన్ని సొరుగులో పడేసి, పెట్టుడు మీసం, లావుపాటి కళ్లజోడు పెట్టుకుని బోటనీ లెక్చరర్ అయిపోయాడు. వస్తున్నానని ముందే మెయిస్కేకి ఫోన్ చేశాడు. గొడుగు మాత్రం కావాలనే వదిలేశాడు.

ఆఫీసు గుమ్మంలో మెయిస్కే ఎదురొచ్చింది. ఎర్ర కెబాయా రవిక, అంతకంటే ఎర్రటి పెదవులు. చూసినవాడు చూపు తిప్పుకోవడం కష్టం.

"అయ్యయ్యో, ఇదేం అవతారమండీ డాక్టరు గారూ! నిలువునా తడిసిపోయారు!"

"మర్చిపోయానమ్మా. మొక్కల పేర్లు తప్ప ఇంకేదీ గుర్తుండి చావదు."

ఆమె పకపకా నవ్వింది. "కూర్చోండి. కొబ్బరిపాలతో బజిగూర్ కాచి తెస్తా, అల్లం దట్టించి."

వానలో తడిసొచ్చినవాడికి వేడిగా ఏదో ఒకటి ఇవ్వకుండా మాట మొదలెట్టే అలవాటు బోగోర్‌లో లేదు. గూఢచారిణి అయినా ఆ ఊరి ఆడపడుచే కదా! వంటగదిలోకి వెళ్లింది.

దర్సోనో ఆమె కుర్చీలో కూలబడ్డాడు. తప్పొప్పులు చూసే రివ్యూయర్ పేరుతో ఉన్న విదేశీ శత్రువుకి పంపాల్సిన వ్యాసం వర్డ్‌లో తెరిచే ఉంది. మూడో బొమ్మ ఒక ఆకు. ఫొటో కాదు, గీతలతో కట్టిన వెక్టర్ బొమ్మ. ఎంత పెంచినా గీత చెక్కుచెదరదు. మూల పట్టుకుని లాగాడు. ఆకు పేజీ దాటి ఉబ్బింది. రెండు ఈనెల మధ్య నలుసంత మరకలో తీరం కనిపించింది, లోతులు కనిపించాయి, చుక్కల గీతగా తమ్ముడొచ్చే దారి కనిపించింది.

తీసేస్తే పేజీ బోసిపోతుంది, పట్టుబడతాడు. బొమ్మని మళ్లీ చిన్నది చేశాడు. కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లోకి వెళ్లి, మామూలు పిక్చర్‌గా అతికించాడు. అదే ఆకు, అదే చోటు, అదే సైజు. లోపల గీతలు మాత్రం చచ్చిపోయాయి, ఇక పెంచితే గళ్లే తప్ప మ్యాప్ కనబడదు. సేవ్ కొట్టేసరికి అడుగుల చప్పుడు వినిపించింది.

"నా సీట్లో మీకేం పని?" ఆమె చెయ్యి సొరుగు మీదికి వెళ్లింది. అందులో పిస్తోలుందని అతనికి తెలుసు.

"అద్దాలు మసకేశాయమ్మా. ఆకు ముద్దొస్తుంటే దగ్గరగా చూద్దామని."

ఆమె తెర వైపు చూసింది. ఆకు ఆకులాగే ఉంది. పొద్దున్నే పెద్దది చేసి సరిచూసుకుంది, మళ్లీ చూసే పనేముంది? సొరుగు వదిలేసి, వంగి సెండ్ నొక్కింది.

"ఇప్పుడు తాగండి, చల్లారిపోతుంది."

బజిగూర్ చాలా బాగుంది. ఆ మాట పైకే అన్నాడు. ఆ రోజు అతను ఆమెతో చెప్పిన నిజం అదొక్కటే.

సాయంత్రం ఫోన్ మోగింది.

"మీరు హుతగావోల్ మనిషే కదూ? ఆ బొమ్మ ముట్టుకున్నారా?" మెయిస్కే గొంతు వణుకుతోంది. "పెంచితే అన్నీ గళ్లేనంట. ఉత్త ఆకు అంటగట్టి మోసం చేశానంటున్నారు. వాళ్ల మనుషులు మా ఆఫీసు కిందికొచ్చేశారు. నేను కాదని వాళ్లకొక్క మాట చెప్పండి, మీకు పుణ్యముంటుంది!"

ఒక్క మాట చెబితే ఆమె బతుకుతుంది, అసలు బొమ్మ మళ్లీ పంపుతుంది. తమ్ముడు బతకడు.

"నాకు కంప్యూటర్లు తెలీవమ్మా," అని ఫోన్ పెట్టేశాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

జలాంతర్గామి క్షేమంగా రేవు చేరింది. మెయిస్కే శవం నదిలో దొరికింది. ఆమె మెయిల్‌బాక్స్‌లో, ఆమె చనిపోయిన మర్నాడు పొద్దున్నే వచ్చిన రివ్యూయర్ జవాబొకటి ఉంది. హుతగావోల్ పైకి చదివాడు.

"'మూడో బొమ్మ స్పష్టంగా లేదు. దయచేసి సరిచేసి మళ్లీ పంపగలరు.' చంపించాక ఇదెందుకు రాశాడయ్యా?"

"రివ్యూయర్ వేషం కద్సార్," అన్నాడు దర్సోనో. "ఏదో ఒక వంక పెట్టకపోతే ఎవడు నమ్ముతాడు?"