పాయింట్లన్నీ జగన్‌కే

"మిర్యాలగూడ మిల్లులో ఒక లారీకి బాంబు పెడుతున్నారు. ఏ లారీయో కనిపెట్టండి," అన్నాడు చీఫ్ జయరాజు, సూర్యాపేట సేఫ్‌హౌస్‌లో.

పక్కన నల్ల కళ్ళద్దాలు, ఘుమఘుమలాడే సెంటు. డిపార్ట్‌మెంటు కొత్త సలహాదారు అరుంధతి. "గుర్తుందిగా? ముందు పట్టుకున్నవాళ్ళకే పాయింట్లు. నంబర్ వన్‌కి ఢిల్లీ పోస్టింగ్!"

ఆ పాయింట్లు వచ్చాక ఏజెంట్ల మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఒకే కంచంలో తిన్న కవిత, జగన్ ఇప్పుడు ఒకరికొకరు ఫోను కూడా కనబడనివ్వరు. ఆ సాయంత్రమే కవిత దొంగ కబురు చెప్పి జగన్‌ను కోదాడకు తోలింది.

మర్నాడు కూలీ వేషంలో మిల్లుకెళ్ళి, అనుమానం వచ్చిన నీలం లారీ క్యాబిన్‌లో మాటలు వినే బగ్ అంటించి, బస్తాల మధ్య దూరింది. అక్కడ ఎర్రలైటు మిణుకుమంటోంది. బాంబు! దిగేలోపే పైన టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించేశారు. లారీ కదిలింది.

ఇయర్‌పీస్‌లో, స్పీకర్‌లో పెట్టిన డ్రైవర్ ఫోను వినిపించింది. "వాడపల్లి బ్రిడ్జి మధ్యలో ఆపి దిగిపో. వెనక కారులో వస్తున్నా, రిమోట్ నా దగ్గరుంది. ఏజెంట్లా? ఒకళ్ళనొకళ్ళు నమ్మరు. పాయింట్లు పెట్టించింది అందుకేగా!"

అరుంధతి గొంతు! చీఫ్‌కు చెబితే ఆమె చెవిన పడుతుంది. రిమోట్ సిగ్నల్‌ను ఆపే జామర్ ఉన్నది జగన్ జీపులోనే.

"జగనన్నా, నీలం లారీల బాంబుంది. నేను గీడనే ఇరుక్కున్న. వాడపల్లి బ్రిడ్జి మీద పేలుస్తరట. జామర్ తే!"

"నిన్న గిట్లనే చెప్పి కోదాడ తోలినవ్. మల్లా నన్ను పిచ్చోణ్ణి చేస్తవా?" ఫోన్ కట్.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు. కవితకు ఏడుపొచ్చింది. చేసిన పాపం ఊరికే పోదు. యాప్ తెరిచి, ఇన్నాళ్ళూ కూడబెట్టిన పాయింట్లన్నీ జగన్ పేరుకు మార్చేసింది.

వెంటనే ఫోను మోగింది. "నిజమేనా చెల్లే? నేను గా రోడ్డు మీదనే ఉన్న. లారీ యాడుంది?"

"దామరచర్ల దాటింది. రిమోట్ వెనక కారుల అరుంధతి చేతిలుంది. జల్ది రా అన్నా, భయమైతంది!"

బ్రిడ్జి మధ్యలో లారీ ఆగింది. డ్రైవర్ దూకి పరుగెత్తాడు. వెనక నిండు బస్సు హారన్ కొడుతోంది. కవిత కళ్ళు మూసుకుంది.

కారులో అరుంధతి బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. అద్దం పక్కన జగన్ పిస్టల్ గురిపెట్టి నిలబడ్డాడు. వెనక జీపులో జామర్ గుర్రుమంటోంది.

వారం తర్వాత చీఫ్ మీటింగ్ పెట్టాడు. "అరుంధతి జైలుకు పోయినా ఆమె స్కీము మాత్రం బ్రహ్మాండం. అందుకే కొత్తగా ఉత్తమ టీమ్‌వర్క్ అవార్డు పెడుతున్నాం," అని గొంతు సవరించుకున్నాడు. "ఒక్కరికే ఇస్తాం."