ధరణి మేళం

"మాటలొచ్చినంక తీస్కరాండ్రి."

ఈ మాట ఇంకెవరైనా అంటే వాళ్ల నోరు మూయించి గానీ ఇంటికి పోకూడదని సృజన ఆ పొద్దున బస్సులోనే ఒట్టు పెట్టుకుంది. మేడ్చల్‌లో ఎక్కి దిగిన ప్లేస్కూళ్లన్నీ అదే పాట పాడాయి మరి! నాలుగేళ్ల ధరణికి ఆటిజం అన్నారు డాక్టర్లు. ఆ పేరు వినగానే కన్నతండ్రి అనే మహానుభావుడు ఇంట్లోంచి జారుకున్నాడు, విడాకులూ తీసుకున్నాడు. ఇన్నాళ్లూ పిల్లను చూసుకున్న పక్కింటి అమ్మాజీ కీసరలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది. సోమవారం డ్యూటీకి వెళ్లకుంటే జీడిమెట్ల మందుల కంపెనీలో సృజన ఉద్యోగం ఊడినట్టే.

శామీర్‌పేటలో శ్రవణ్ నడిపే స్కూల్లోకి వెళ్లి, కుర్చీలో కూడా కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"సార్, మా పిల్లకు మాటలు రావు. చప్పుడు అస్సలు పడదు. మాటలొచ్చినంక తీస్కరా అంటరా, గిప్పుడే చెప్పుండ్రి. నా బస్సు పోతది."

శ్రవణ్ చేతిలో సగం కొరికిన సమోసా అలాగే ఆగిపోయింది.

"మాటలు మీకు మస్తున్నయి గదా మేడం, ఇద్దరికీ సరిపోతయి. సోమవారం తీస్కరాండ్రి."

సృజన తడబడింది. కొట్లాటకు నడుం బిగించి వస్తే ఇదేంది?

"ఊకెనే ఒప్పుకున్నరా?"

"కొట్లాడి ఒప్పుకోమంటరా? టైమున్నది, మొదలువెట్టుండ్రి."

నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని గిరుక్కున తిరిగి వచ్చేసింది.

సోమవారం ఆటో గేటు ముందు ఆగిందో లేదో, దబదబమని డప్పులు మోగాయి! కొత్త పిల్లలొస్తే డప్పులతో లోపలికి తీసుకుపోవడం ఆ స్కూలు ఆనవాయితీ. ధరణి చెవులు మూసుకుని కెవ్వుమంది, ఆటో దిగి దాని కిందికే దూరింది.

"బుద్ధుందా మీకు? చప్పుడు పడదని చెప్పలే? చెవులు ఏడ వెట్టుకున్నరు?"

"చెవులు ఈడనే ఉన్నయి మేడం. ఆ రోజు కండ్లే మీ మీద ఉండె, మాట వినవడలే."

సృజన చెంపలు వేడెక్కాయి. దాంతో కోపం రెట్టింపయింది.

శ్రవణ్ ముఖం మాత్రం పాలిపోయింది. చెయ్యెత్తి డప్పులు ఆపించాడు. ఇస్త్రీ చొక్కాతోనే ఆటో పక్కన మట్టిలో బోర్లా పడుకున్నాడు. పిల్లను పిలవలేదు, ముట్టుకోలేదు. టిఫిన్ డబ్బా స్టీలు మూత తీసి నేలమీద గిర్రున తిప్పాడు. అది ఆగితే మళ్లీ తిప్పాడు. కాసేపటికి ఓ చిన్న చెయ్యి బయటికొచ్చి మూతను లాక్కుంది. వెనకే ధరణి వచ్చింది. సృజన కోపమంతా ఎటు పోయిందో ఏమో!

అంతలో మనవణ్ని దింపడానికి ప్రతాప్ వచ్చాడు. స్కూలు బిల్డింగ్ ఆయనదే.

"ఏంది శ్రవణ్ గిది? మా మనుమడు గూడ గట్లనే తయారైతడు. గా పిల్లనన్న పంపు, బిల్డింగన్న ఖాళీ చెయ్యి."

సృజన బ్యాగు భుజాన వేసుకుంది. "మేం పోతం సార్. మాకు అలవాటే," అని పిల్లను ఎత్తుకుంది.

"మీరు ఆగుండ్రి," అన్నాడు శ్రవణ్. "ప్రతాపన్నా, తాళాలు సాయంత్రం ఇస్త."

స్కూలు వంటగదిలోంచి అతని తల్లి బాలమణి గరిటెతోనే బయటికొచ్చింది. "మన ఇంట్ల గంత పెద్ద హాలున్నది, సోఫా ఒక్కటే కూసుంటాంది. బయట వడేస్త. రేపటి సంది బడి ఆడనే నడుస్తది. నువ్వు డ్యూటీకి పో బిడ్డా, జల్దీ!"

సృజన పోయింది. ఉద్యోగం నిలిచింది. చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు, కొందరు తిరిగొచ్చారు. బాలమణి ఇంట్లో చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపడం పిల్లలందరికీ వచ్చేసింది.

ఓ వానాకాలం సాయంత్రం అరుగు మీద చూరునీళ్లు కారుతుంటే శ్రవణ్ గొంతు సవరించుకున్నాడు.

"సృజనా, ఒక మాట అడగాలె."

"డప్పులు గిట్ట లేవు గదా?"

"నన్ను పెండ్లి చేస్కుంటవా?"

సృజన నవ్వు ఆగిపోయింది. "నేను ఒక్కదాన్నే రాను. ధరణి..."

"గామె ఎప్పుడో ఒప్పుకున్నది. పొద్దున ఎవ్వలు అడగకున్నా వచ్చి మూత నా చేతిల వెట్టింది."

ఆటో కింద లాక్కున్న రోజు నుంచీ ఎవరికీ ఇవ్వని మూత అది! సృజనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"నాదొక షరతు. పెండ్లికి డప్పులు, బ్యాండు, డీజే ఏదీ ఉండొద్దు."

ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. పందిట్లోనే అడిగేశాడు ప్రతాప్.

"బ్యాండు లేని పెండ్లి ఏం పెండ్లమ్మా?"

"మా పెండ్లి అన్నా," అంది పెళ్లికూతురు. "నచ్చకుంటే బువ్వ తిని పోండ్రి."

శ్రవణ్ తాళి అందుకోగానే బడి పిల్లలు చేతులెత్తి ఊపారు. వాళ్లను చూసి పెద్దలూ ఎత్తారు. పందిరంతా నిశ్శబ్దం. ఇద్దరి మధ్యా కూర్చున్న ధరణి అందరినీ ఓసారి చూసి, ఒళ్లోని మూత తీసి పీట ముందు గిర్రున తిప్పింది. గలగలమని మోగిందది.

"మేళం వచ్చింది," అంది బాలమణి కళ్లు తుడుచుకుంటూ. "మా మన్మరాలు వట్టుకొచ్చింది. కట్టు బిడ్డా!"

శ్రవణ్ తాళి కట్టాడు.