కవచం లేని మందు

బిలాస్‌పూర్ స్టేషన్‌లో రాజేంద్రను పట్టపగలు చంపేశారు.

రైలు దిగి, ఐస్ బాక్స్‌ను గుండెలకు హత్తుకుని నడుస్తున్న ఆ కెమిస్ట్‌ను వెనుక నుంచి ఎవరో ఒరుసుకుంటూ పోయారు. మెడ మీద సూదిమొన గుచ్చుకుంది. రెండడుగులు తూలి ప్లాట్‌ఫామ్ మీద కూలిపోయాడు. గుండెపోటు అనుకున్నారు జనం. బాక్స్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఆస్పత్రి మనుషులు వచ్చి దాన్ని వార్డుకు పట్టుకెళ్ళారు.

"అదే నాకు నచ్చలేదు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రమణమూర్తి.

ఊళ్ళోనే, తెలిపారా పేటలో ఒక మిఠాయి దుకాణం పైగది. ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ బంగార్రాజును ఆయన కూర్చోమని కూడా అనలేదు.

"బాక్స్ కోసం చంపితే బాక్స్ పట్టుకుపోవాలి. వదిలేశారంటే?"

"లోపలి సీసాలు అప్పటికే మారిపోయాయి. అది రాజేంద్ర కనిపెట్టాడు."

"కరెక్ట్. ఆ మందేమిటో తెలుసా?"

"క్యాన్సర్ వచ్చిన పిల్లలకిచ్చేది."

"నానో పార్టికల్స్‌లో దాచిన మందు. ఒక్కో కణం చుట్టూ కొవ్వు పొర ఒక కవచం. రక్తంలో తిరిగినంతసేపూ అది విడదు, గడ్డ దగ్గరికి చేరాకే విడుతుంది. అందుకే పెద్ద డోసు ఇవ్వగలుగుతున్నారు. కవచం లేకుండా అదే డోసు ఎక్కిస్తే గుండె మీద పడుతుంది. పిల్ల బతకదు."

"ఎవరి పని?"

"ఫారిన్ ముఠా. ట్రయల్‌లో పిల్లలు చస్తే మన మందూ చచ్చినట్టే. అసలు సీసాలు వాళ్ళు సరిహద్దు దాటిస్తారు. మొదటి డోసు ఈ మధ్యాహ్నమే."

"ఆస్పత్రికి ఫోన్ చేసి ఆపేయొచ్చుగా?"

"అక్కడ వాళ్ళ మనిషి ఉన్నాడు. చేసిన మరుక్షణం అసలు సీసాలు మాయం. వేరే బ్యాచ్ లేదు."

"డోసు మొదలయ్యేలోగా దొరక్కపోతే?"

"దొరకాలి," అన్నాడు రమణమూర్తి చల్లగా. "సదర్ బజార్‌కి పో. ముఠాలో మన మనిషి ఊర్మిళ అక్కడుంటుంది."

బంగార్రాజుకు ఆయన్ను మెట్ల మీంచి తోసేయాలనిపించింది. తనే మెట్లు దిగాడు.

ఊర్మిళ చీరల దుకాణంలో ఉంది. నెమలికంఠం రంగు చీర, నల్లకళ్ళద్దాలు. మెడికల్ రిప్రజెంటేటివ్ వేషం. ఆమె ముందు చీరలు పరుస్తున్న కుర్రకారు చీరలు తప్ప అన్నీ చూస్తున్నారు.

"మేడమ్, మోప్కాకి ఆటో దొరుకుతుందా?"

"దొరకదు. తెలిపారా దాకా నడవాలి."

కోడ్ సరిపోయింది.

"సీసాలు?" అన్నాడు గొంతు తగ్గించి.

"మోప్కాలో. కొత్తగా కడుతున్న ఇంటి పై అంతస్తు. వెంటనే బయల్దేరు."

"నువ్వు రావా?"

"అచ్ఛా, నేనొస్తే నా కవర్ ఏం కావాలి?"

మోప్కా ఊరి చివర. వెళ్ళి వచ్చేసరికి డోసు ఎక్కిపోతుంది. బంగార్రాజు చూపు ఆమె హ్యాండ్‌బ్యాగ్ మీద ఆగింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. బ్యాగు అడుగున మాత్రం నీటి బొట్లు, ఐసు వేసిన గ్లాసుకు పట్టినట్టు.

"బ్యాగులో ఏముంది?"

ఆమె కొప్పులోని పిన్ను లాగి అతని మెడకేసి పొడిచింది. బంగార్రాజు పరిచి ఉన్న పట్టుచీరను అడ్డం లాగాడు. పిన్ను మడతల్లో దిగబడిపోయింది. మణికట్టు మెలితిప్పి, కిటికీ ఊచకు బేడీ వేశాడు. బ్యాగు తెరిచాడు. ఐస్ ప్యాక్‌ల మధ్య ఎర్రటి సీసాలు.

"రాజేంద్రను చంపింది నువ్వే."

"నీకూ అదే రాసిపెట్టాను. తప్పించుకున్నావు," అంది ఊర్మిళ. "సంబరపడకు. ఆస్పత్రిలోవీ ఎర్రగానే ఉంటాయి. లేబులూ ఒకటే. నీ మాట ఎవడు నమ్ముతాడు?"

అసలు సీసాలు చేతికొచ్చాయి, ఇక దాచేదేమీ లేదు. బంగార్రాజు పరుగెడుతూనే వార్డుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

అతను వార్డుకు చేరేసరికి సెలైన్ గొట్టంలోకి మందు అప్పుడే వదిలారు. మంచం మీద చిన్నతల్లి అనే ఆరేళ్ళ పిల్ల పడుకుని ఉంది. జుట్టంతా రాలిపోయింది. ఎర్రటి గీత గొట్టంలో మెల్లగా కిందికి జారుతోంది.

"ఆపండి. అది విషం."

డాక్టర్ సౌభాగ్య తలెత్తి చూసింది. "ఎవరు నువ్వు? సెక్యూరిటీ."

ఇద్దరు గార్డులు అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. పిల్ల అమ్మమ్మ అచ్చియమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది. "ఏటి బాబూ ఇది? ఇన్నాళ్ళకి మందొచ్చిందంటే ఆపేత్తావేటి? నీకు పిల్లల్లేరేటి?"

"అసలు మందు ఈ బ్యాగులో ఉంది డాక్టర్."

"విషం తెచ్చింది నువ్వే కాదని రుజువేది?"

"నా దగ్గర లేదు. తేడా మీకే తెలియాలి."

డాక్టర్ కోటు జేబులోంచి, స్కాన్‌లు చూపించే లేజర్ పాయింటర్ తీసింది. ట్రేలో మిగిలిన సీసాలోకి కాంతి కొట్టింది. లోపల కిరణం జాడే లేదు. బ్యాగులోని సీసాలోకి కొట్టింది. ఎర్రటి దారంలా గీత వెలిగింది.

"కణాలుంటే కాంతి చెదిరి కనిపిస్తుంది," అందామె. "మేం ఎక్కిస్తున్న దాంట్లో కణాల్లేవు."

చెయ్యి చాచి గొట్టం నొక్కేసింది. ఎర్ర గీత చిన్నతల్లి చేతికి వేలెడు దూరంలో ఆగింది.

గార్డులు వదిలేశారు. డాక్టర్ మాత్రం కరగలేదు. "మీ సీసాలు కూడా ల్యాబ్ పరీక్ష అయ్యాకే ఎక్కిస్తాను. బయటికి నడవండి."

సాయంత్రానికి ఊర్మిళ ఫోన్‌లోని నంబర్ల ఆధారంగా ఆస్పత్రి స్టోర్‌కీపర్‌నూ, మోప్కాలో కాచుకున్న ముఠానూ పట్టుకున్నారు. పరీక్షలో సీసాలు అసలువేనని తేలింది. చిన్నతల్లికి డోసు ఎక్కించిన రోజు బంగార్రాజు వార్డు బయట బెంచీ మీద కూర్చున్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు.

అచ్చియమ్మ వచ్చి పక్కన కూచుంది. "పిల్ల పడుకుంది. గుండె బాగానే కొట్టుకుంతందట." అతని వైపు తిరిగి అడిగింది. "ఇంతకీ నువ్వేటి పని సేత్తావు బాబూ?"

నిజం చెప్పే వీల్లేదు. "రైల్వేలో డ్యూటీ, అమ్మా."

"మరదీ," అంది అచ్చియమ్మ. "అందుకే ఆఖరి నిమిషానికొచ్చావు."