వేడి గుడ్డ

తెల్లారితే చాలు, భీమమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గుడ్డ ఉండను వేడి చేస్తుంది. నిజాం పాలన రోజుల్లో, నారాయణఖేడ్‌లో గొంగళ్లు నేసే ఇల్లు అది. ఉన్ని ఏకినప్పుడు లేచే నూగుకు పదిహేనేళ్ల కొడుకు మొగులప్ప కళ్లు ఒకటే దురద. చిన్నప్పటినుంచీ వాడి తల ఒళ్లో పెట్టుకుని, ఆ ఉండతో రెండు కళ్లూ గట్టిగా తోముతుంది. వాడికి హాయి, ఆమెకు తృప్తి.

ఆ పొద్దున మాత్రం వాడు దగ్గరికి రాలేదు.

"రారా, గుడ్డ సల్లారుతుంది."

"వద్దే అమ్మా."

"ఏంది వద్దు? ఒక్కసారి పట్నం బోయొచ్చి షోకులా?"

అసలు ఆమె కోపం పట్నం మీదే. నాలుగు నెలలుగా మొగులప్ప మగ్గం మీద అంచులు తప్పుతున్నాడు. ఒక పోగు రెండుగా కనిపిస్తోందంటే తండ్రి కిష్టప్ప ముందు తిట్టాడు, తర్వాత భయపడ్డాడు. అతని అక్క హన్మమ్మకూ ఆ వయసులోనే అలా మొదలైంది. ఇప్పుడామె ఇంట్లో మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడుతుంది. అందుకే కొడుకును పట్నం దవాఖానకు తీసుకెళ్లాడు. రాత్రి తిరిగొచ్చాక నోరు విప్పలేదు.

"డాక్టర్ ఏమన్నడో జెప్పవు, పోరడేమో దగ్గరికి రాడు! నేనేం పాపం జేసిన?" భీమమ్మ గుడ్డను నేలకేసి కొట్టింది.

కిష్టప్ప మగ్గం గుంటలోంచి అరిచాడు. "గా గుడ్డనే పాపం! నల్లగుడ్డు మీది పొర పల్చనై మొన తేలిందట. ఇంట్ల ఎవరికన్న ఉన్నదా అని అడిగిండు, అక్క ఉన్నదన్న. కండ్లు నలుపుకుంటడా అని అడిగిండు. ఏం జెప్పాలె? మా ఇంటిది రోజూ తోముతదని జెప్పిన!"

భీమమ్మ నేలమీద పడ్డ గుడ్డ వైపు చూసింది.

"మా రక్తంల ఉన్నది, ఉన్ని దుమ్ముకు దురద, మీదికెల్లి నలుపుడు. అన్ని గలిసినయట. పోయింది మల్ల రాదు. నలుపుడు బంద్ జేస్తే ఉన్నది నిలుస్తదేమో అన్నడు." కిష్టప్ప గొంతు దిగిపోయింది. "నిన్ను తిట్టి ఏం లాభం? పదిహేనేండ్లు నేను గూడ సూసుకుంటనే కూసున్న."

"వదిన లెక్క గావొద్దనే గద తోమిన..." భీమమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరిని తిట్టాలో తెలియని ఏడుపు అది.

గోడవారనున్న హన్మమ్మ అంది. "మా అమ్మ గూడ గట్లనే తోమేది, భీమా. నాకు మస్తు హాయనిపించేది. అందుకే ఎన్నడు వద్దనలే."

ఇంతలో మొగులప్పకు దురద లేచింది. అలవాటుగా రెండు పిడికిళ్లూ కళ్లమీదికి పోయాయి. భీమమ్మ ఒక్క ఉదుటున వాడి మణికట్లు పట్టుకుంది.

"వదులే అమ్మా, పానం పోతుంది!"

"పోనియ్, తిట్టు. వదల."

వాడు పెనుగులాడాడు, తిట్టాడు, ఏడ్చాడు. హన్మమ్మ తడుముకుంటూ కుండ దగ్గరికెళ్లి, ఒక గుడ్డ తడిపి తెచ్చి వాడి కళ్లమీద నొక్కకుండా ఊరికే పరిచింది. దురద తగ్గేదాకా భీమమ్మ ఆ చేతుల్ని ఒళ్లోనే పట్టుకుని కూర్చుంది. పొయ్యి దగ్గర నేలమీద పడ్డ వేడి గుడ్డ చల్లారిపోయింది.