ఎర్రచుక్క గ్లాసు

"పద్మా, నువ్వు ఆ వెనక గదిలోనే ఉండమ్మా! పెళ్ళివారి ఆడవాళ్ళు వస్తున్నారు... ఆ చేతులు చూశారంటే మన సింధు పెళ్ళి ఏమైపోవాలి?"

ఆడపడుచు నాగశ్రీ మాట మెత్తగానే అంది. తలుపు మాత్రం గట్టిగా మూసింది! పద్మావతి మంచం అంచున కూలబడింది. ఇవాళ కూతురికి పసుపు కొడుతున్నారు. వాళ్ళింట మొదటి పోటు తల్లే వేయాలి. ఆ రోకలి ఇప్పుడు నాగశ్రీ పట్టుకుంటుందట!

అరచేతుల నిండా పొట్టులా రాలే చర్మం. సోరియాసిస్, ఎవరికీ అంటదు అని డాక్టరు రెండుసార్లు చెప్పినప్పుడు భర్త ప్రసాదరావు పక్కనే ఉన్నాడు. అయినా, వాళ్ళక్క నాగశ్రీ ఒక స్టీలు గ్లాసుకి ఎర్రటి గోళ్ళరంగు చుక్క పెట్టి "ఇది పద్మకి" అన్న రోజున పేపరు తిప్పుకుంటూ కూర్చున్నాడు! ఆరేళ్ళు... ఈ చేతులు కలిపిన అల్లం పచ్చడి జాడీలతో పట్టుకుపోతారు. ఈ చేతులు పట్టుకున్న గ్లాసు మాత్రం విడిగా బోర్లిస్తారు! మొదట్లో తన చేతులంటే తనకే రోత పుట్టేది. కొంగు కింద దాచుకునేది. ఇవాళ మూసిన తలుపు వెనక ఆ రోత చేతుల్ని వదిలి, హాల్లో నవ్వుతున్న గొంతుల మీదికి పాకింది.

అప్పుడే పెరటి గుమ్మంలో నారమ్మ గొంతు వినబడింది. వెనక వీధి మనిషి, అల్లం చేలల్లో కూలి. షుగరుంది, సిరంజి మీది గీతలు కంటికి ఆనవు. దవాఖాన లైన్లో పరిచయమైన దగ్గర్నుంచి రోజూ వచ్చి పద్మావతి చేత సూది వేయించుకుంటుంది. ఆపైన ఆ చేతులకే కొబ్బరినూనె రాసి "నొస్తున్నదా బిడ్డా?" అంటుంది. ఆ ఒక్క మాట కోసం పద్మావతి తెల్లవారిన దగ్గర్నుంచి ఎదురుచూస్తుంది.

"పద్మమ్మ ఏది? నా సూదికి యాళ్ళయింది."

"ఇవాళ కుదరదు," అంది నాగశ్రీ. "ఆవిడ చేతులు చూస్తే వచ్చినవాళ్ళకి అన్నం సయిస్తుందా?"

"నాకైతే ఆ చేతులు చూడకుంటే సయిస్తలేదమ్మా! సూది పడందే నేను తినొద్దు. ఈడనే కూసుంట."

అరగంట గడిచింది. తనకోసమే అయితే పద్మావతి ఆ తలుపు తీసేది కాదేమో... కానీ గుమ్మంలో ఒక మనిషి ఆకలితో కూర్చుని ఉంది!

ఆమె బయటికొచ్చింది. అందరి ముందూ మందు గీత వరకు లాగి, నారమ్మ జబ్బకి సూది వేసింది. పెళ్ళివారిలో ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఛీ! పసుపు దగ్గరా ఈ పని?" అంది నాగశ్రీ.

"ఛీ అనాల్సింది నేను వదినగారూ!" అంది పద్మావతి. "నా పచ్చడికి లేని అంటు నాకెక్కడిది? మీ అందర్నీ చూస్తుంటే అసహ్యం వేస్తోంది!"

సింధు లేచి రోకలి తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. "అమ్మ వేయని పసుపు నాకొద్దు అత్తా." పెళ్ళివారి ముసలావిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

పోటు పడింది. చేతి పగుళ్ళు చురుక్కుమన్నాయి. పద్మావతి కళ్ళు నిండినా ఆగలేదు.

ఇంతలో ప్రసాదరావు కంగారుగా మంచినీళ్ళు తెచ్చాడు. "తాగు పద్మా... తప్పంతా నాదే..." అతని చేతిలో ఉన్నది మాత్రం ఎర్రచుక్క గ్లాసే! వంటింట్లో అలవాటున అతని చెయ్యి దానిమీదికే వెళ్ళింది...

ఆమె చూపు వెంట అతనూ చూశాడు. మొహం పాలిపోయింది. ఆ నీళ్ళు తనే గటగటా తాగేశాడు.

"నాకు ఇంకో గ్లాసులో తెండి," అంది పద్మావతి నెమ్మదిగా. "దాంట్లో ఇక నేను తాగను."

అతను తలవంచుకుని, అక్కగారిని దాటుకుని వంటింట్లోకి నడిచాడు.

"నాక్కూడ జర తెస్తవా సారూ?" గుమ్మంలోంచి నారమ్మ కేకేసింది. "ఏ గ్లాసైనా నాకు ఫికర్ లేదు!"