అడాప్టర్ మీద పచ్చ లైటు

కంప్యూటర్ మేలుకునే ఉంది, కానీ దాని నెట్‌వర్క్ అడాప్టర్ మీద పచ్చ లైటు ఆరిపోయి ఉంది.

ఏజెంట్ పిల్లి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒంటి మీద కరెంటు మీటర్లు చూసేవాడి వేషం, కాళ్ళకు రబ్బరు బూట్లు. అడుగుల చప్పుడు వినపడదనే డిపార్ట్‌మెంట్ అతనికి ఆ పేరు పెట్టింది. టైలరింగ్ షాపు వెనక గదిలో ఉన్న ఆ కంప్యూటర్‌కు ఒకటే పని. పిల్లి సొంత అక్క పంపే సిగ్నల్ వినాలి.

అక్క విదేశీ ముఠాలో దుభాషి. ఎర్రరంగు పెదవులు, హైహీల్స్, చేతికి ట్రాన్స్‌మిటర్ దాచిన గాజు. ఆమె తమ మనిషే అని ముఠా నమ్మకం. ప్రమాదం వస్తే ఆమె గాజు నొక్కుతుంది. ఇక్కడ స్క్రీన్ మీద "కాఫీ చల్లారింది" అని పడుతుంది. రేవులో ఐసు లారీలో దాక్కున్న కమాండోలు ఆ కబురు కోసమే కాచుకుని ఉన్నారు. దొంగిలించిన రాడార్ ప్లాన్లతో ముఠా పడవ ఈ మధ్యాహ్నమే బయలుదేరుతుంది.

కుర్చీలో బావ పేపరు చదువుతున్నాడు. అక్క భర్త, ఈ గదికి టెక్నీషియన్.

"సిగ్నల్ ఏమైనా వచ్చిందా బావా?"

బావ ఉలిక్కిపడ్డాడు. చెయ్యి ముందుగా మౌస్ మీదికి పోయింది. కదిపాడు. పచ్చ లైటు వెలిగింది.

"కనీసం దగ్గి రావచ్చు కదరా. అంతా బాగానే ఉంది. స్లీప్ 'నెవర్' అని పెట్టా. ఇది నిద్రపోయే రకం కాదు, మీ అక్కలాగే."

పిల్లి నవ్వలేదు. మౌస్ కదిపితే వెలిగిన లైటునే చూశాడు. పొద్దుటి నుంచి డిపార్ట్‌మెంట్ చీఫ్ ఫోన్ చేసినప్పుడల్లా బావ ఇలాగే మౌస్ కదిపి "వింటోంది సార్" అని ఉంటాడు. కదిపినప్పుడు వింటోంది. వదిలేస్తే చెవులు మూసుకుంటోంది.

"లే బావా."

పిల్లి కూర్చుని సెట్టింగ్‌లు తెరిచాడు. డివైస్ మేనేజర్. నెట్‌వర్క్ అడాప్టర్. పవర్ మేనేజ్‌మెంట్. పవర్ ఆదా కోసం అడాప్టర్‌ను ఆపుకోవచ్చని కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడి. అందులో టిక్ ఉంది. కంప్యూటర్‌ను నిద్రపోవద్దని చెప్పినంత మాత్రాన అడాప్టర్ మాట వినదు. దానికి విడిగా చెప్పాలి.

పిల్లి పాస్‌వర్డ్ కొట్టి టిక్ తీసేశాడు.

జవాబు అందేదాకా గాజు ఆగి ఆగి పంపుతూనే ఉంటుంది. స్క్రీన్ తెల్లగా ఉంది. ఇంకా తెల్లగానే ఉంది. అంతలో అక్షరాలు పడ్డాయి.

కాఫీ చల్లారింది.

పిల్లి ఫోన్ అందుకున్నాడు. "ఐసు దించండి."

అవతల బూట్ల పరుగు. ఎవరో అరిచారు. ఏదో నీళ్ళలో పడింది. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. బావ గోడకు ఆనుకుని, చొక్కా అంచు నలుపుతూ నిలబడ్డాడు.

"తమ్ముడూ." అక్క గొంతు, రొప్పుతూ. "పడవ తాడు విప్పేశాక వచ్చార్రా మనవాళ్ళు. ప్లాన్లు దొరికాయి, నా చెప్పు ఒకటి సముద్రంలో పోయింది. ఇంత ఆలస్యమేంటి? మీ బావ గానీ నిద్రపోయాడా?"

"మళ్ళీ చేస్తానక్కా."

పిల్లి ఫోన్ పెట్టి, తలుపు గడియ వేశాడు. "ఆ సెట్టింగ్ మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి. తెలిసింది మనిద్దరికే. నేను మార్చలేదు."

బావ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే పెట్టాను రా టిక్కు. నిన్న బజార్లో ఒకడు నా పక్కనే నడుస్తూ, మీ ఆవిడ ఎవరో మాకు తెలిసిపోయింది అన్నాడు. పడవ రేవు దాటేదాకా మీ మెషీన్‌కి ఏమీ వినపడకపోతే ఆమెని ప్రాణాలతో దింపేస్తాం అన్నాడు. నమ్మేశా. ఆ భయంలో ఏం చెప్పినా నమ్మేవాణ్ణి. కంప్యూటర్ ఆపేస్తే మీకు తెలిసిపోతుంది, అందుకే అడాప్టర్‌ని పట్టుకున్నా. మౌస్ కదిపిన ప్రతిసారీ ఆ మెసేజ్ పడుతుందేమోనని ప్రాణం పోయేది. చీఫ్‌కి ఫోన్ చెయ్యి, ఏం శిక్ష వేసినా సరే. మీ అక్కకి మాత్రం నిద్రపోయాననే చెప్పరా."