పెళ్ళిచూపులకు తెచ్చిన సీసాలు

కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు ఈశ్వర్ మహా పద్ధతైన మనిషి. మందుల కంపెనీ మురుగు గొట్టం సముద్రంలో కలిసేచోట పరీక్షకి నీళ్ళు పట్టాలంటే సాక్షులు కావాలి కదా అని, ముందురోజే ఊళ్ళో దండోరా వేయించాడు. దండోరా ఊరికి వినిపించింది. కంపెనీకి ఇంకా బాగా వినిపించింది. మర్నాడు గొట్టంలోంచి గంగాజలం వచ్చింది.

"తీర్థం పుచ్చుకోండి ఇంజనీరుగారూ," అంది అరుణశ్రీ.

ఆమె శ్రీకాకుళంలో కొత్త లాయరు. అమ్మమ్మ బుల్లమ్మ ఈ తీరంలోనే చేపలు కడిగి అమ్ముతుంది. ఆ నీళ్ళలో నిలబడి నిలబడి ఆమె కాళ్ళనిండా పుళ్ళు. ఊరి తరఫున అరుణశ్రీ హరిత ట్రిబ్యునల్లో వేసిన కేసు నెలాఖరుకి విచారణకొస్తుంది. చట్టప్రకారం పట్టిన సీసా లేకపోతే కేసు అక్కడితో సరి.

"పద్ధతి తప్పమంటారా?" అన్నాడు ఈశ్వర్.

"సట్టం నోటీసు అక్కడికక్కడే ఇమ్మన్నాది. ముందురోజు డప్పు కొట్టమని ఏ సెక్షన్లో ఉన్నాదో సూపించండి. మీ జీపు కనిపిస్తే సాలు, గేటుకాడ వాచ్‌మన్ ఫోన్ తీస్తాడు. కంపెనీవోళ్ళు ఎంతిచ్చేరేటి?"

ఈశ్వర్ తలొంచుకుని సీసాలు సర్దుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. లంచం తిన్నవాళ్ళ చెవులు ఎర్రబడటం అరుణశ్రీ ఇంతవరకు చూడలేదు.

వారం తిరిగేసరికి పెద్ద వాన. వానొస్తే కంపెనీకి పండగే, వరదలో కలిసిపోతుందని గొట్టం బార్లా తెరిచేస్తారు. ఆ వానలో బుల్లమ్మ ఇంటి ముందు ఆటో ఆగింది. పట్టుచీరలో ఈశ్వర్ తల్లి లక్ష్మణమ్మ, వెనక పళ్ళబుట్టతో ఈశ్వర్.

"పెళ్ళిచూపులకొచ్చేం," అంది లక్ష్మణమ్మ. "గేటుకాడ వాచ్‌మన్ బాబే దారి సూపించేడు."

అరుణశ్రీ తలకి తువ్వాలుతో బయటికొచ్చింది. "ఏటిది?"

ఈశ్వర్ అరటిపళ్ళు పైకెత్తాడు. కింద నాలుగు ఖాళీ సీసాలు, లక్క, నోటీసు కాగితం.

"జీపైతే ఫోన్ చేస్తాడు. పెళ్ళివారొస్తే ఎందుకు చేస్తాడు?"

"ఓహో, నాటకమా!" అంది అరుణశ్రీ. ఎందుకో గొంతు తగ్గింది.

సాక్షిగా బుల్లమ్మ కూడా గొడుగేసుకుని కుంటుతూ గొట్టం దాకా వచ్చింది. గొట్టంలోంచి డికాషన్ రంగు నీళ్ళు, ముక్కు పగిలే కంపు. సీసాలు నింపి, లక్క వేసి, గేటు దగ్గర నోటీసు చేతిలో పెడితే వాచ్‌మన్ తెల్లబోయాడు.

"పెళ్ళన్నారు కదండీ!"

"పెళ్ళే. మీ కంపెనీకి," అంది అరుణశ్రీ.

ఇంటికొచ్చేసరికి లక్ష్మణమ్మ కాఫీ తాగేసి కూర్చుంది. "సీసాలకోసమే అయితే నాకు పట్టుచీరెందుకమ్మా? వారం నుంచి మావోడు అన్నం కాడ నీ తిట్లే అప్పజెప్తన్నాడు."

అరుణశ్రీ ఈశ్వర్ వైపు తిరిగింది. చెవులు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి.

"నాకు ముందో మాట సెప్పక్కర్లేదా?"

"నోటీసు అక్కడికక్కడే ఇమ్మన్నది మీరే కదండీ."

లాయరుగారు నవ్వు దాచుకోడానికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఒసే, ఒప్పుకోయే," అంది బుల్లమ్మ. "దీనికీ నేనే సాచ్చి."

నెలాఖరుకి ట్రిబ్యునల్ గొట్టం మూయమంది. ముహూర్తం సంగతి మాత్రం ఈశ్వర్ మళ్ళీ పద్ధతిగానే, ముందురోజే, కంపెనీ గేటుదాకా దండోరా వేయించాడు.